హీటరు వేయని శనివారం

శనివారం ఉదయం బల్ల దగ్గర ముగ్గురు కూర్చున్నారు గానీ మాట్లాడేది ఒక్కరే. బేకరీలో తెల్లవారుజాము పని ముగించుకుని వచ్చిన తల్లి, రొట్టె కోస్తూ అటు భర్తతో ఒక మాట, ఇటు కూతురితో ఒక మాట అంటోంది. తండ్రీకూతుళ్ల మధ్య మాత్రం గురువారం నుంచి పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

“ఏమండీ, వెన్న అమ్మాయి వైపు జరపండి.”

ఆయన జరిపాడు.

“పిచ్చుకా, నాన్నకి కాఫీ పొయ్యమ్మా.”

ఆ అమ్మాయి పోసింది.

ఆయన పైపు ఆర్గన్లు బాగుచేసే మేస్త్రి. చర్చి గోడంత ఎత్తున నిలబడి గాలితో మోగే వాద్యం అది. లోపల వందల గొట్టాలుంటాయి, కొన్ని మనిషికి రెండింతలు, కొన్ని చిటికెన వేలంత. ఊళ్లో ఏ ఆర్గన్ గొంతు బొంగురుపోయినా ఈయనే రావాలి. వింత ఏమిటంటే ఈయన పరమ నాస్తికుడు. సాయంత్రం సభలో మైకు పట్టుకుని దేవుడు లేడని చెబుతాడు, మర్నాడు పొద్దున్నే ఆ దేవుడి ఇంటి తాళంచెవి అడిగి తీసుకుంటాడు.

ఆర్గన్ శ్రుతి చేయడం ఒంటిచేతి పని కాదు. ఒకరు బయట కూర్చుని మీట నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు లోపల గొట్టాల మధ్య దూరి సరిచేయాలి. ఆ మోతలో మాటలు వినపడవు కాబట్టి వాళ్లకి తట్టుడే భాష. లోపలి నుంచి ఒక్కసారి తడితే తర్వాతి మీటకి వెళ్లమని, రెండుసార్లు తడితే పని అయింది, లేవమని. కాళ్లు నేలకి అందని వయసు నుంచే కూతురు ఆర్గన్ ముందున్న బల్ల మీద ఇటూ అటూ గెంతుతూ మీటలు పట్టేది. పిచ్చుక అన్న పేరు అప్పుడు పెట్టిందే.

గురువారం లైబ్రరీ హాల్లో చర్చ జరిగింది. దేవుడు లేకుండా మంచి ఉంటుందా అన్నది విషయం. ఒక వైపు పాస్టరు, ఇంకో వైపు మేస్త్రి. హాలు కిటకిటలాడింది. మేస్త్రికి ఊపు వచ్చి, “నరకానికి భయపడి చేసే మంచి కూడా ఒక మంచేనా? మాస్టారు చూస్తున్నాడని బుద్ధిగా కూర్చునే పిల్లాడి పిరికితనం అది,” అన్నాడు. జనం నవ్వారు. అప్పుడు వెనక వరసలోంచి పిచ్చుక లేచింది. తాను కొన్నాళ్లుగా ప్రార్థనలకి వెళ్తున్నానని, ఈ ఆదివారం బాప్తిస్మం తీసుకుంటున్నానని చెప్పింది. తండ్రి ఆ సంగతి వినడం అదే మొదటిసారి. అంతటితో ఆగినా బాగుండేది. “నమ్మకం లేని మంచితనం వేరులేని చెట్టు నాన్నా, గాలి వస్తే పడిపోతుంది,” అని కూడా అనేసింది. ఈసారి చప్పట్లు మోగాయి. మాట కన్నా ఆ చప్పట్లే ఆయనకి ఎక్కువ గుచ్చుకున్నాయి.

“రేపు వస్తున్నారా, లేదా?” అని తల్లి సూటిగా అడిగింది.

“ఆర్గన్ శ్రుతికి ఒప్పుకున్నాను, ఇవాళ వెళ్తాను. రేపు ఇంట్లోనే ఉంటాను.”

పిచ్చుక తల ఎత్తింది. “నా పెళ్లికైతే వస్తావుగా నాన్నా.”

“పెళ్లిలో నన్ను నలుగురి ముందు వేరులేని చెట్టు అనవుగా.”

“నువ్వు నన్ను పిరికిదాన్ని అన్నావు.”

“నిన్ను అనలేదు.”

“నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. మరి ఎవరిని అన్నావు?”

తల్లి కత్తి కింద పెట్టింది. “దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆయన ఉన్నాడో లేడో మీరిద్దరూ తేల్చేలోగా ఈ గిన్నెలు ఎవరు కడుగుతారో చెప్పండి.” మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్లే.

చర్చిలో ఆ రోజు చలి ఎముకలు కొరికింది. ఇద్దరూ కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నారు. చలిగా ఉందని ముందు అన్నవాళ్లు ఓడిపోయినట్టే అని ఇద్దరికీ ఎందుకో అనిపించింది. ఆయన లోపలికి దూరాడు, ఆమె మీటల ముందు కూర్చుంది. తట్టడం, జరగడం, మళ్లీ తట్టడం. చివరికి రెండుసార్లు తట్టాడు. ఆమె లేచి, ఆయన బయటికి రాకముందే వెళ్లిపోయింది.

ఆదివారం ఉదయం తల్లీకూతుళ్లు వెళ్లిపోయాక మేస్త్రి పేపరు తెరిచాడు. ఒకే వార్త మూడుసార్లు చదివాడు. ఇల్లు వెచ్చగా ఉందని కిటికీ తీయబోయి, రెక్క మీద చెయ్యి వేసినవాడు అలాగే కొయ్యబారిపోయాడు.

నిన్న చర్చిలో హీటరు వేయలేదు.

గొట్టాల స్వరం వేడికి పైకి జరుగుతుంది. అందుకే శ్రుతి చేసేముందు చర్చి హాలుని ఆదివారం ఉండేంత వెచ్చగా చేయాలి. ముందుగా వెళ్లి హీటరు వేయడం ఎప్పుడూ పిచ్చుక పని, వేసిందా అని అడగడం ఆయన పని. నిన్న ఆమె వేయలేదు, ఆయన అడగలేదు. ఇన్నేళ్లలో జరగని పొరపాటు మూతిముడుపు వల్ల జరిగింది. ఇవాళ హాలు నిండా జనం, పైగా హీటర్లు. మామూలు గొట్టాలన్నీ పైకి జరుగుతాయి, నాలుకలాంటి రేకు కంపించి మోగే బూర గొట్టాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి. కూతురు నీళ్లలోంచి లేచేవేళ మోగాల్సింది ఆ బూరలే. ఆయన పనిముట్ల సంచీ అందుకుని, చొక్కా సరిగా దోపుకోకుండానే పరుగెత్తాడు.

చర్చి తలుపు తోసేసరికి వందల తలలు వెనక్కి తిరిగాయి. గురువారం నవ్వినవాళ్లూ, చప్పట్లు కొట్టినవాళ్లూ అందులో ఉన్నారు. తెల్లని అంగీలో, వట్టి కాళ్లతో పిచ్చుక నీళ్ల తొట్టి పక్కన నిలబడి ఉంది.

“పాస్టరు గారూ, తప్పు నాది. నిన్న చలిలో శ్రుతి చేశాను. బూర వరుస మళ్లీ చేయాలి. కొంచెం ఆగగలరా?”

పాస్టరు ఆయన్ని తేరిపార చూశాడు. “మీటలు ఎవరు పడతారు మేస్త్రి గారూ?”

మేస్త్రి నోరు తెరిచేలోపే పిచ్చుక నడిచి వెళ్లి బల్ల మీద కూర్చుంది.

రెండు గొట్టాలు దాదాపు ఒకే స్వరం పలికితే వాటి మధ్య గాలిలో ఒక వణుకు పుడుతుంది. అవి దగ్గరయ్యేకొద్దీ వణుకు నెమ్మదిస్తుంది, నెమ్మదించి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగినచోట స్వరం నిలువెత్తున వెలుగుతుంది. జనం ఇన్నేళ్లుగా ఆ ఆర్గన్ విన్నారు గానీ, ఇది జరగడం ఎప్పుడూ చూడలేదు. చంకలో పిల్లలు కూడా గుక్క మరిచి వింటున్నారు.

దాదాపు చివరికి వచ్చాక ఒక మీట దగ్గర తట్టు రాలేదు. స్వరం అందరికీ సరిగ్గానే వినిపిస్తోంది.

“ఇది చాలనుకుంటానమ్మా,” అని పాస్టరు మెల్లగా అన్నాడు. “ఎవరికీ తేడా తెలియదు.”

“నాన్నకి ఇంకా చాలలేదండి.”

అనేశాక ఆ మాట ఆమెకే వినిపించింది. లోపల దుమ్ములో, చీకట్లో, ఎవరూ చూడనిచోట ఆయన ఎవరికి భయపడి ఇంకా సరిచేస్తున్నాడు? ఆయన నమ్మని దేవుడి ఇంట్లో, ఎవరికీ తెలియని తేడా కోసం? వేరు లేదని తాను ఎంత సులువుగా అనేసింది. వేలు మీట మీదే ఉంది, కళ్లు మసకబారాయి. అప్పుడు వణుకు ఆగింది. ఒక్క తట్టు వినిపించింది.

పని అయ్యాక మేస్త్రి బయటికి రాలేదు. ఇంతమంది ముందు ఏ మొహంతో రావాలో తోచక గొట్టాల మధ్యే నిలబడిపోయాడు. సందులోంచి నీళ్ల తొట్టి కనిపిస్తోంది. బల్ల మీద ఇప్పుడు ఆర్గన్ వాయించేవాడు కూర్చున్నాడు, పిచ్చుక తొట్టి మెట్లు దిగింది. భయపడితే ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో ఆయనకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడున్నది ఆ మొహం కాదు. మునిగి లేచింది. అదే క్షణంలో ఆర్గన్ మొత్తం ఒక్కసారి గొంతెత్తింది. ఆయన కాళ్ల కింద చెక్క, వీపు వెనక గోడ, పక్కటెముకలు అన్నీ మోగాయి. బతుకంతా ఆర్గన్ లోపల గడిపినవాడికి, దాని పాట లోపల నిలబడడం ఇదే మొదలు. చేతులు జోడించలేదు, ప్రార్థించలేదు. ఆ మోతలో ఎవరికీ వినపడకుండా గట్టిగా ఏడ్చాడు.

హాలు ఖాళీ అయ్యాక తల్లి కూతురి తల తుడుస్తూ, “మీ నాన్నని లోపలే పెట్టి తాళం వేస్తారేమో, చూడు,” అంది.

పిచ్చుక తడి జుట్టుతోనే ఆర్గన్ పక్క తలుపు దగ్గరికి వెళ్లింది.

“నాన్నా, వేరులేని చెట్టు అన్నాను. తప్పు.”

“పిరికితనం అన్నాను. అదీ తప్పే,” అన్న గొంతు లోపలి నుంచి బొంగురుగా వినిపించింది. “దేవుడి విషయంలో మాత్రం నా మాట అదే.”

“నాదీ అదే.”

“వచ్చే నెల మళ్లీ చర్చ ఉంది.”

“ముందు వరసలో కూర్చుంటాను. ఇంక బయటికి రా నాన్నా, పని అయింది.”

తలుపు తెరుచుకోలేదు. పిచ్చుక వేళ్లు మడిచి తలుపు మీద రెండుసార్లు తట్టింది.