పూలదుప్పటి బస్తా

పెద్ద వరద వచ్చి వెళ్లిన రెండో ఏడు, వానలు ఇంకా మొదలుకాక ముందు జరిగిన సంగతి ఇది. ఆ వీధిలో ఎవరినడిగినా ఏళ్లను వరదతోనే లెక్కపెడతారు. పెళ్లి వరదకు ముందు, గోడ వరద తర్వాత, అలా. మేస్త్రి ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తరు. నీళ్లు నిలిచిన గీత, రెండు పూతలు సున్నం వేసినా, గోడ మీద నిలువెత్తు మనిషి చెయ్యెత్తితే అందేంత పైన ఇంకా కనబడుతూనే ఉంది. దాన్నీ ఎవరూ చూడరు.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. రేవు గోదాముల్లో బస్తాలు మోసే ముఠాకు పెద్ద. మీసం మొలిచిన నాటి నుంచి మోకాళ్లు అరిగిపోయే దాకా మోశాడు. బస్తాను ఒక్కసారి ఛాతీకెత్తుకుంటే చాలు, బరువు చెప్పేసేవాడు. కాటా తప్పు చూపిన రోజులున్నాయి గానీ మేస్త్రి చేతులు తప్పిన రోజు లేదనేవారు ముఠావాళ్లు. నోరు మాత్రం పెగలదు. "ఆయన దగ్గర మాట కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలిరా" అని నవ్వుకునేవారు. ఇప్పుడు మోకాళ్లు పోయి చేతికర్ర వచ్చింది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ ఉదయం ఆయనకు మెలకువ వచ్చింది మెట్ల చప్పుడుకే. కొన్ని నెలలుగా రోజూ అంతే. ఇంటి పక్కనుంచి డాబా మీదికి పోయే మెట్లు ఇరుకు. సగంలో ఒక మలుపు. ఆ మెట్ల మీద కోడలు పరుగెత్తుతోంది. కింది మెట్టు మీద మనవరాలు కూచుని చప్పట్లు కొడుతోంది. పాప చప్పట్లు కొట్టినంతసేపు తల్లి ప్రాణం పెట్టి పైకీ కిందికీ ఉరకాలి. పాప కళ్లు మూసుకుని పది దాకా లెక్కపెట్టినంతసేపు నిలబడి ఊపిరి తీసుకోవాలి. అదీ వాళ్ల ఒప్పందం.

"ఒకటి, రెండు, ఆరు, పది! ఉరుకమ్మా, ఉరుకు!"

"నీ లెక్కకి నా ప్రాణం పోయేట్టుందే తల్లీ! మూడూ నాలుగూ ఏమయ్యాయి?"

"పిల్లి తినేసింది!"

కోడలు రొప్పుతూ నవ్వి మళ్లీ ఉరికింది. పరుగు అయ్యాక ఎప్పటిలాగే మెట్ల కింద గూట్లోంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు, దాన్ని ఎత్తుతున్న మూలుగు, దింపిన అదురు. మంచం మీంచి మేస్త్రికి అది కనబడదు. ఆయన చూడాలనీ అనుకోలేదు. చెవులకు తెలుసు, అది బస్తా దిగిన చప్పుడని.

ఆ చప్పుడుకు ఆయన ఒళ్లు మండేది. అత్త పోయిన కొంపలో కోడలికి ఒళ్లు తగ్గించుకునే యావ ఏమిటి? కాపురానికి వచ్చినప్పుడు బొద్దుగా ఉండేది. కుట్టుషెడ్డులో రోజంతా మిషను ముందు కూచునే పని, పైగా పాప కాన్పు, ఇంకాస్త ఒళ్లు చేసింది. అత్త ముద్దుగా "నా దూదిబస్తా" అని పిలిచేది. ఇప్పుడు చెంపలు లోపలికి పోయాయి, భుజాలు గట్టిపడ్డాయి. కిందటి వారం ఒక పొద్దున డాబా మీద ధబ్బుమని చప్పుడై, వెనకే వెక్కి వెక్కి ఏడుపు వినిపించింది. ఒళ్లు నొప్పులు కాబోలు, ఎవరు చెయ్యమన్నారు అనుకుని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఎండ గుమ్మంలోకి రాకముందే కూతురు దిగింది, ఖాళీ సంచీ చంకలో పెట్టుకుని.

"లే నాన్నా. వానలు పడకముందే నిన్ను తీసుకుపోదామని వచ్చా. మాది మూడో అంతస్తు, లిఫ్టుంది. ఊరంతా ఓడలు తిరిగినా నీ కాలు తడవదు."

రాత్రి బస్సు తోలి అప్పుడే వచ్చిన కొడుకు కళ్లు నులుముకుంటూ, "వచ్చీ రాగానే ఏంటక్కా, కూచో ముందు" అన్నాడు. అంతకుమించి అనలేదు. తండ్రి దగ్గర వాడికి ఆస్తిగా వచ్చింది ఆ మౌనం ఒక్కటే.

కోడలు కాఫీ తెచ్చింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది.

"ఏంటమ్మా ఈ అవతారం? పొద్దున్నే ఎవరితో కుస్తీ పట్టావు?"

"మెట్లతో వదినా."

"గెలిచిందెవరు?"

"ఇంకా తేలలేదు."

"బాగానే నాజూకయ్యావులే. మా అమ్మ ఉంటే చూసి మురిసిపోయేది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కోడలు తల దించుకుని గ్లాసులు అందించింది.

"నువ్వు చెప్పు నాన్నా. వస్తావా, రావా?"

అందరూ ఆయనకేసి చూశారు. మేస్త్రి కాఫీ అయ్యేదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, "వస్తా" అన్నాడు.

కోడలి చేతిలో పళ్లెం చప్పుడైంది. "మావయ్యా, ఈ వానాకాలం ఒక్కటి ఇక్కడే ఉండి చూడండి. నేనున్నాగా. నేను..."

"నువ్వు?" కూతురు గిర్రున తిరిగింది. "నువ్వుండి ఏం చేస్తావు? ఆ రోజూ ఉన్నావుగా ఇంట్లో! అమ్మకు చేసింది చాలదా?"

"అక్కా!" అన్నాడు కొడుకు.

"ఏం, అబద్ధమా? నువ్వు బస్సుతో ఏటి అవతల. నాన్న పనిలో. ఇంట్లో ఉన్నది ఇది కాదూ? ఇది ఎక్కింది, పిల్ల ఎక్కింది, అమ్మ ఒక్కతే ఎక్కలేదు డాబా!"

మేస్త్రి కూతుర్ని ఆపలేదు. ఆయన చూపు నేల మీద ఉంది. కోడలు మావయ్య నోటికేసి కాసేపు చూసి, ఆ నోరు ఇక తెరుచుకోదని తెలిసి లోపలికి వెళ్లిపోయింది.

కూతురు పంతంగా తండ్రి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. చొక్కాలు అయ్యాయి, మందులు అయ్యాయి. తర్వాత పెట్టె అడుగు దాకా తీసి చూసింది.

"అమ్మ పూలదుప్పటి ఏదీ? అది నేను తీసుకుపోతా. ఏదంట?"

గుమ్మంలో ఆడుకుంటున్న పాప లేచింది. "నాకు తెలుసు అత్తా. మెట్ల కింద ఉంది. చూపిస్తా దా."

మెట్ల కింద గూట్లో ఇసుక బస్తా ఉంది. దాని చుట్టూ పూలదుప్పటి. రెండు మూలల్ని జబ్బలకు తగిలించుకునేటట్టు ముడేసి ఉంది. చెమట మరకలు, మెట్ల గచ్చుకు రాసుకుని చిరిగిన చోట్లు, చిరిగిన చోటల్లా సన్నటి మిషను కుట్టు.

"నాన్నా! ఒకసారి వచ్చి చూడు! మా అమ్మ దుప్పటి గోనెసంచి చేసిందయ్యా నీ కోడలు!"

మేస్త్రి వచ్చాడు. చూశాడు. ఆయన గొంతు అంత గట్టిగా పలకడం ఆ ఇంట్లో పుట్టిన పిల్లలే ఎరుగరు. "దాని దుప్పటే దొరికిందా నీ ఆటకి?"

గుమ్మంలో నిలబడ్డ కోడలు "మావయ్యా" అని మాత్రం అంది. ఆయన కర్ర అవతల పడేశాడు. ఆ బస్తాను వీధిలోకి విసిరేసేవాడే. వంగి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి, అలవాటుకొద్దీ ఛాతీకి ఎత్తుకున్నాడు.

ఎత్తుకుని, అలాగే ఆగిపోయాడు.

ఆ బరువు ఆయనకు తెలుసు. పక్షవాతంతో భార్య మంచం పట్టాక, రోజూ పనికి పోయేముందు ఈ దుప్పటితోనే చుట్టి ఎత్తి కిటికీ పక్క కుర్చీలో కూచోబెట్టేవాడు. సాయంత్రం ఎత్తి మంచం మీదికి చేర్చేవాడు. ఆ బరువే. గుప్పెడు ఎక్కువ లేదు, గుప్పెడు తక్కువ లేదు. చేతులు దాన్ని వదలడం లేదు.

"తాతా," అంది పాప భయంగా, "నానమ్మని పడెయ్యకు."

కూతురి చెయ్యి నోటికి పోయింది. మేస్త్రి మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు, బస్తాను ఒళ్లో పెట్టుకునే.

"కాటా వేశావా?" అని అడిగాడు కోడల్ని.

"లేదు మావయ్యా. అత్తయ్య నా వీపు మీద ఎంత ఉందో అంతయ్యే దాకా ఇసుక పోస్తూ పోయా. నా వీపు మర్చిపోలేదు."

"చెప్పు" అన్నాడు మేస్త్రి.

ఈ ఒక్క మాట ఆయన వరదనాడు అడగలేదు, తర్వాతా అడగలేదు. కోడలు ఎదుట గచ్చు మీద కూచుంది.

"కట్ట తెగిందని కేక వినబడేసరికి నీళ్లు గుమ్మంలో ఉన్నాయి. ముందు పాపను పైకి తీసుకుపో అంది అత్తయ్య. తీసుకుపోయి, డాబా మీద తొట్టిలో కూచోబెట్టి వచ్చా. ఈ దుప్పటితోనే అత్తయ్యను వీపుకు కట్టుకున్నా. ఎక్కా మావయ్యా. మలుపు దాకా ఎక్కా. అక్కడికి నా దమ్ము అయిపోయింది. కాళ్లు మడతపడ్డాయి. నా ఒళ్లే నేను మోయలేనిదాన్ని, ఇంకో ప్రాణాన్ని ఎట్లా మోస్తాను? లేస్తా, పడతా. నీళ్లు మెట్టు మెట్టూ ఎక్కుతున్నాయి. పైన పాప తొట్టిలోంచి బయటపడి ఏడుస్తోంది, పిట్టగోడ పొట్టిది కదా. అత్తయ్య విన్నది. 'దూదిబస్తా, నన్ను దింపవే, పిల్ల దగ్గరికి పో' అంది. దింపాను. పాపను కట్టేసి మళ్లీ దిగేసరికి..."

గోడకు తల ఆనించి నిలబడ్డ కొడుకు భుజాలు కదులుతున్నాయి. కొంగుతో మొహం తుడుచుకుని కోడలే మళ్లీ అందుకుంది.

"మా షెడ్డుకు ప్యాంట్లు కుట్టించుకోవడానికి జిమ్ములో నేర్పే అమ్మాయి ఒకతి వస్తుంది. ఆమెనడిగా, మనిషిని వీపున వేసుకుని మెట్లెక్కాలంటే ఏం చెయ్యాలని. ఒట్టి పరుగే పెడితే కొవ్వుతోపాటు బలమూ కరిగిపోతుందంట. ఒట్టి బరువులే ఎత్తితే బలం వస్తుంది గానీ దమ్ము చాలదంట. రెండూ కలపాలి, కాసేపు గుండె పగిలేట్టు ఉరికి కాసేపు ఆగాలి, తర్వాత బరువెత్తాలి, అప్పుడు కొవ్వు పోయి కండ నిలుస్తుందంది. అదే చేస్తున్నా. మొదట్లో అత్తయ్యతో... ఈ బస్తాతో మలుపు దాటేదాన్ని కాదు. అక్కడికి రాగానే కాళ్లు పడిపోయేవి. కిందటి వారం డాబా మీదికి చేర్చా మావయ్యా. మొదటిసారి. ఏం లాభం, చేర్చి దించాక చూస్తే ఇసుకే."

ఆ పొద్దున అటు తిరిగి పడుకున్న సంగతి మేస్త్రికి గుర్తొచ్చింది.

"ఈ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అంది కూతురు. కోప్పడుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"ఎవరడిగారు వదినా? అందరూ తెలిసినట్టే మాట్లాడారు. ఆ రోజు మావయ్య రాగానే 'తేలేకపోయాను మావయ్యా' అన్నా. ఆయన గోడకేసి తిరిగిపోయారు. అదే తీర్పనుకున్నా. పోయినామెను ఎలాగూ తేలేను. మావయ్య మోకాళ్లు ఈ మెట్లెక్కవు. వానలొస్తున్నాయి. ఆయన్ని కూడా మలుపులో వదిలే బతుకు నాకొద్దు వదినా."

మేస్త్రి ఒళ్లో బస్తాను నిమురుతున్నాడు. చిరుగు మీది కుట్లు వేళ్లకు తగులుతున్నాయి. ఆయన మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు.

"నిన్ను చూడలేక తిరగలేదమ్మా," అన్నాడు. "ఆ పొద్దున మమ్మల్ని కట్ట మీదికి పిలిచారు. షావుకారి గోదాము మునగకూడదని ఇసుక బస్తాలు వేశాం. తెల్లారినప్పటి నుంచీ ఒకటే మోత. ఎన్ని మోశానో. మోయాల్సింది ఇంట్లో ఉంది. అది నీ మీద పడేశా. ఆ మొహం నీకెట్లా చూపించను? గోడకు చూపించుకున్నా."

కోడలు ముందుకు జరిగి ఆయన పాదాల దగ్గర తల వాల్చింది. ఆయన చెయ్యి ఆమె తల మీద పడింది. ఇంకో చెయ్యి బస్తాను వదల్లేదు. కూతురు కాసేపు నిలబడి చూసి, లోపలికెళ్లి సంచీ విప్పి చొక్కాలు ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించింది. దుప్పటి ఊసు మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పాప చప్పట్లు మొదలుకాకముందే మేస్త్రి లేచాడు. మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మెట్ల దగ్గరికి వచ్చాడు. కర్రను గోడకు ఆనించాడు.

గూట్లోకి వంగబోయిన కోడల్ని చూసి, "ఇసుకతో ఎన్నాళ్లు?" అన్నాడు. "నన్నెత్తు."

"పడేస్తానేమో మావయ్యా."

"మా ముఠాలో పడెయ్యకుండా నేర్చుకున్నవాడు లేడు. ఎత్తు."

ఆమె వీపు వంచింది. ఊళ్లో బరువులన్నీ మోసినవాడికి తన బరువును ఇంకొకరి మీద వెయ్యడం అదే మొదలు. మొదట ఒళ్లు బిగబట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు. ఆమె ఒక్కొక్క మెట్టే ఎక్కింది. మలుపు దగ్గర ఆగింది. ఆమె గుండె కొట్టుకోవడం ఆయన ఛాతీకి తెలుస్తోంది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే మావయ్యా."

ఆయన చెయ్యి చాపి గోడ మీది గీతకు అరచెయ్యి ఆనించాడు. కింద పాప లెక్క మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, ఆరు..."

"అన్నీ చెప్పవే," అన్నాడు మేస్త్రి కిందికి. తర్వాత కోడలి చెవి దగ్గర, "తాపీగా దమ్ము తీసుకోమ్మా. ఇవాళ నీళ్లు రావడం లేదు" అన్నాడు.

పాప మళ్లీ మొదటినుంచి, ఒక్కటీ వదలకుండా, కింద కూచున్న అత్త అందిస్తుంటే పది దాకా చెప్పింది. అంతవరకూ ఆయన గోడ మీద చెయ్యి తియ్యలేదు. తర్వాత తీసి, రెండు చేతులూ కోడలి మెడ చుట్టూ వేసి పట్టుకున్నాడు.