నాలుగో దొడ్డి దూడలు

నలభై ఒకటో సీసాకు పచ్చదీపం వెలిగింది. రెడ్డెమ్మ దాన్ని అందుకుంది. మొండికేసిన దూడ నోట్లో ముందు తన వేలు పెట్టి, అది చప్పరించడం మొదలుపెట్టాక నెమ్మదిగా సీసా పీకను లోపలికి జరిపింది. ఏ దూడ పోతపాలలో పెరుగుదలకు కావలసిన లైసిన్, మిథియోనిన్ ఎంతెంత కలపాలో చెవిబిళ్ళ ద్వారా నెత్తురు చదివి పోషణి అనే యంత్రం గ్రాముల్లో తేల్చేస్తుంది. దూడకు చప్పరించడం నేర్పడం మాత్రం దానికి చేతకాదు. అందుకే పలమనేరు దూడల పోతశాలలో ఇంకా ఒక మనిషి మిగిలింది.

సీసా అడుగున మిగిలిన పాలు కాలువలో పారబోయాలని నియమం. పాలను నేలపాలు చేయడానికి రెడ్డెమ్మకు చేతులు రావు. నెల రోజులుగా ఆ మిగులంతా బకెట్లో పోగేసి, పోషణి కెమెరా కన్ను లేని కడుగుడు గట్టు పక్కన నాలుగో దొడ్డి దూడలకు పోస్తోంది. ఎందుకో ఆ పన్నెండూ దొడ్డికి వచ్చిన మొదటి వారంలోనే బొచ్చు రేగి నీరసించాయి. ఇప్పుడు మిగతావాటితో సమానంగా గంతులేస్తున్నాయి. వాటిని చూసి ఆమె లోలోపల మురిసిపోతోంది.

ఆ ఉదయం పశువుల డాక్టరు షఫీ కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతూ వచ్చాడు.

"రెడ్డెమ్మక్కా, నీ నాలుగో దొడ్డి గెలిచేసింది! రేపట్నుంచి నలభై రెండు శాలల్లోనూ దాని పాలే."

"దాని పాలంటే ఏంది సార్?"

"లైసిన్, మిథియోనిన్ తీసేసిన పాలు. ఖర్చు తగ్గుతుందని, అవి లేకుండా దూడ పెరుగుతుందా అని పోషణి నెల దినాలు చూసింది. పెరిగినాయి, నెత్తుట్లో కూడా అవి తగ్గలేదు కదా! ఇంక ఆ రెండూ ఏ దూడకీ కలపదు."

రెడ్డెమ్మ చేతిలోని సీసా జారి పడింది. దాన్ని తీయాలన్న ధ్యాస కూడా లేదు. తొమ్మిది వేల దూడలు. వాటి నోటికాడ కూడు తీసింది పోషణి కాదు, తన చేతులే.

"అవి ఆ పాలతో పెరగలా సారూ," అంది. "మిగులు పాలు నేనే పోసినా. పూటకు ఒక్కోదానికి అర లీటరు దాకా."

షఫీ గట్టు పక్కనున్న బకెట్టు వైపు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి వారం నుంచే."

"ఎంత పని చేస్తివక్కా! పోషణికి చెప్తే నీ వేలిముద్ర కొట్టేస్తుంది. మళ్ళీ ఏ శాల తలుపూ నీకు తెరుచుకోదు."

ఆ సంగతి ఆమెకూ తెలుసు. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని ఇది, మరొకటి రాదు. అయినా వెళ్ళి పోషణి కన్ను ఎదురుగా నిలబడి, బకెట్టు ఎత్తి చూపించి, జరిగిందంతా చెప్పింది.

కన్ను ఎర్రబడింది. రేపటి ఆజ్ఞ ఆగిపోయింది. ఆమె మాటలనే అన్ని శాలలకూ వినిపించి పోషణి ఒక్క ప్రశ్న వేసింది.

"ఇలా మరెవరైనా పోస్తున్నారా?"

గోడ మీది పటంలో మిగతా శాలల చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి. కాసేపటికి కుప్పం చుక్క ఎర్రబడింది, అక్కడి మనిషీ ఒప్పుకుంది. తర్వాత పుంగనూరు. ఆ వెంటనే మదనపల్లె. లెక్కపెడుతూ పెడుతూ షఫీ గోడకు జారగిలబడ్డాడు. ముప్పై తొమ్మిది. ఇన్ని చోట్ల లెక్కకు రాని పాలు కలిశాక, పదేళ్ళుగా పోషణి తేల్చిన గ్రాముల్లో ఏది నిజమో ఇక ఎవరికీ తెలియదు.

పాలు నింపే గొట్టాలన్నీ టక్కున ఆగాయి. ఇంకా తాగని దూడలు అరుపులు లంకించుకున్నాయి. ఇన్నేళ్ళలో ఏ మనిషినీ సలహా అడగని పోషణి నోరు విప్పింది.

"రెడ్డెమ్మగారూ, ఈ పూట వీటికి ఏం కలపమంటారు?"