వెనక సీల్ కాదు

దంతవైద్యురాలు మొదటిసారి ఆ షెడ్డులో అడుగుపెట్టింది పోట్లాడటానికే. ఒక చేతిలో కారు తాళం, ఇంకో చేతిలో అట్టముక్క. అట్టముక్క మీద అరచేయంత నల్లటి మరక.

"రాత్రి మా కారు కింద ఇది పరిచాను. పొద్దున్నకి ఇలా ఉంది. పదకొండు రోజులు ఇంజన్ దించి మీరు చేసిన రిపేరు ఇదేనాండీ?" అంది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి అట్టముక్క అందుకున్నాడు. వాసన చూశాడు. ఇంజన్ ఆయిలే. అతని మొహం వాడిపోయింది.

ముప్పై ఏళ్ళు నిండకుండానే అతనికి 'కార్ల డాక్టర్' అని పేరు. విడిభాగాలు దొరకడం మానేసిన పాతకాలపు కార్లన్నీ అతని దగ్గరికే వస్తాయి. తండ్రి చేతిపని కొడుక్కి అచ్చుగుద్దినట్టు వచ్చిందని అందరూ అంటుంటే, వినీ విననట్టు తిరుగుతూ లోలోపల పొంగిపోతుంటాడు. అలాంటిది, ఒక పేషెంటు జబ్బు తగ్గలేదని తిరిగి రావడం ఇదే మొదలు.

ఆ మీగడరంగు కారు దంతవైద్యురాలి అమ్మమ్మది. ఆవిడ ఒకప్పుడు బడి హెడ్మిస్ట్రెస్. ఆ బడికి కొత్త భవనం కట్టారు. ఇంకో ఎనిమిది రోజుల్లో ప్రారంభం, దానికి ఆవిణ్ణి పిలిచారు. తన కారు తనే నడుపుకుంటూ వెళ్తానని ఆవిడ పట్టు. అయితే ఇంకో పట్టు కూడా ఉంది. వరండాలో ఇంకు చుక్క పడితే పిల్లలచేత తుడిపించినదాన్ని, నా కారు ఆ ముంగిట్లో ఆయిల్ కారుస్తూ నిలబడితే ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళను, అసలు వెళ్ళనే వెళ్ళను అంటోందట.

మెకానిక్ అంతా విన్నాడు. ఇంజన్ వెనకనుంచి ఆయిల్ కారకుండా ఆపే సీల్ కొత్తదే వేశాననీ, బహుశా ఆ సీలే నాసిరకమేమో, ఇంకోసారి ఇంజన్ దించి చూస్తాననీ అన్నాడు.

"ఆయిల్ ఎక్కడ పడుతోందో చూశారు. ఎక్కణ్ణించి వస్తోందో చూశారా?"

"వెనకపక్క పడితే వెనక సీలేనండీ. ఇలాంటివి చాలా చూశాను."

"నా దగ్గరికి కింది పన్ను నొప్పి అని వస్తారు. తీరా చూస్తే పుచ్చింది పైపన్ను. నొప్పి అన్నచోటల్లా పీకేస్తూ పోతే, ఈపాటికి నా బోర్డే పీకేసేవాళ్ళు."

అతనికి చురుక్కుమంది. అంత తెలిస్తే మీరే వచ్చి చూడండి అనేశాడు. వెటకారానికి అన్నమాట అది. ఆమె నిజంగానే తీసుకుంది. రేపు ఆదివారం, నాకు సెలవు, తొమ్మిదింటికి వస్తాను అని కారు అక్కడే వదిలి, తాళం అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా వచ్చింది. అప్పటికే అతను ఇంజన్ అంతా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, తళతళా మెరిపించి పెట్టాడు. పక్కన వాళ్ళమ్మ అలమారలోంచి తెచ్చిన టాల్కం పౌడర్ డబ్బా. పొడి ఇనుము మీద పౌడర్ చల్లి ఇంజన్ నడిపితే, ఆయిల్ ఎటునుంచి ఎటు జారుతోందో గీత గీసినట్టు కనిపిస్తుంది. తండ్రి నేర్పిన పద్ధతే. రోగం తెలిసిపోయిందన్న ధీమాలో ఈ కారు విషయంలో ఆ పని వదిలేశాడు. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి నోరు రాలేదు.

చల్లుతుంటే గాలికి సగం పౌడర్ అతని మొహానికే అంటుకుంది.

"పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టున్నారు," అంది ఆమె.

"ఎవరైనా పిలిస్తే వెళ్దామనే ఉందండీ," అన్నాడు. అన్నాక తనే కంగారుపడి బానెట్ కింద తల దూర్చేశాడు.

ఇంజన్ ఇరవై నిమిషాలు నడిపారు. ఈలోగా వాన మొదలైంది. రేకుల మీద చినుకుల చప్పుడులో ఏం మాట్లాడాలన్నా దగ్గరికి జరగాల్సి వచ్చింది. ఇద్దరికీ అది మరీ ఇబ్బందిగా ఏమీ అనిపించలేదు.

తెల్లటి పౌడర్ మీద సన్నటి తడిగీత కనిపించింది. కింద క్లచ్‌ని కప్పే డొప్ప దగ్గర మొదలై, ఇంజన్ వీపు మీదుగా పైకి పాకి, ఇంజన్‌కీ డ్రైవర్ ముందుండే ఇనుప గోడకీ మధ్యనున్న సందులో మాయమైంది. ఆ సందులో రెండు వేళ్ళు పడతాయి. కన్ను పట్టదు.

ఆమె బ్యాగులోంచి పొడవాటి పిడి ఉన్న చిన్న గుండ్రటి అద్దం తీసింది. పళ్ళ వెనక చూసే అద్దం.

"టార్చ్ పట్టుకోండి. కొంచెం పైకి. కదలకండి, అయిపోయింది, ఒక్క నిమిషం."

ఆ గొంతు విని, ఎంత భయస్థుడైనా ఈవిడ ముందు నోరు తెరుస్తాడు అనుకున్నాడు. అద్దంలోకి చూడాల్సినవాడు కాసేపు ఆమె చెంప మీదున్న పౌడర్ మరకనే చూశాడు.

"ఇటు కాదు, అద్దంలోకి," అంది ఆమె తల తిప్పకుండానే.

చూశాడు. ఇంజన్ నెత్తిన మూతలా ఉండే టాపెట్ కవర్ వెనక మూలలో, ఒక బోల్టు పక్కన, ఆయిల్ బొట్టు నిండుగా ఊరి, జారి కిందికి పోయింది.

"వెనక సీల్ కాదు," అంది. పసిపిల్లలా నవ్వింది.

అతను నవ్వలేదు. బోల్టులు విప్పి కవర్ తీశాడు. వెనక మూల అంచు వంగి ఉంది. దాని కింద కార్క్ ప్యాకింగ్ రెండుగా చీలిపోయింది. ఆ కవర్ కిందటేడాది టాపెట్లు సరిచేసి బిగించింది తనే. చెయ్యి సరిగ్గా అందని మూల కదా, లీకవుతుందేమోనని ఆ ఒక్క బోల్టునీ ఇంకో చుట్టు గట్టిగా తిప్పడం బాగా గుర్తుంది. రేకు వంగింది అప్పుడే.

ఆమె ఏమైందని అడిగింది. కార్క్ పాతబడిపోయిందంటే సరిపోయేది.

"నా చేతి పనేనండీ ఇది. నేనే ఎక్కువ బిగించాను. ఆ తర్వాత నా తప్పు నాకే కనపడక, అనవసరంగా ఇంజన్ కూడా దించాను. మీ అమ్మమ్మగారికి నేనే వచ్చి చెప్తాను."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది కదండీ."

ఆమె అద్దం తుడిచి బ్యాగులో పెట్టుకుంటూ అతనివైపు ఒక్క క్షణం ఎక్కువ చూసింది.

సాయంత్రం అతను హెడ్మిస్ట్రెస్ ముందు చేతులు కట్టుకుని నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు మీదుగా చూస్తూ మొత్తం విన్నది. దిద్దుకున్నావా అని అడిగింది. రేపు దిద్దుతాను, నాలుగు రోజులు నడిపి చూసి తెస్తాను అన్నాడు.

"అడక్కముందే తప్పు ఒప్పుకున్నవాళ్ళు నా సర్వీసు మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. నిలబడ్డావేం, కూర్చో," అంది ఆవిడ.

మర్నాడు కవర్ అంచుని చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి, చెక్కసుత్తితో తట్టి తట్టి, స్కేలు ఆనిస్తే వెలుతురు దూరనంత సాపు చేశాడు. కార్క్ షీటు తన చేత్తోనే కత్తిరించాడు. బోల్టులన్నీ ముందు వేళ్ళతో, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు.

రోజూ క్లినిక్ మూశాక ఆమె వచ్చేది. మీ పేషెంటుకి ఎలా ఉంది అనేది. అతను కారు కిందినుంచి అట్టముక్క లాగి చూపించేవాడు. మరక లేకుండా ఉండేది. నాలుగో రోజుకి చూడటానికి ఏమీ మిగల్లేదు. అయినా ఐదో రోజూ వచ్చింది, వేరే సాకేమీ చెప్పకుండా.

ఆదివారం హెడ్మిస్ట్రెస్ స్టీరింగ్ ముందు నిటారుగా కూర్చుని, మనవరాలిని పక్కన, మెకానిక్‌ని వెనక ఎక్కించుకుని బడి గేట్లోకి కారు తిప్పింది. పరిచి నెలైనా కాని లేత బూడిదరంగు రాళ్ళ మీద, నడిమధ్యన, కావాలనే ఆపింది. జనం మూగారు. నడినెత్తిన నెరిసిన జుట్టుతో ఉన్న పూర్వ విద్యార్థులు బానెట్ మీద చెయ్యి వేసి చూస్తున్నారు.

ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళాక, ఇద్దరూ కారు దగ్గరే ఉండిపోయారు. పాత డ్రాయింగు మాస్టారు ఒకాయన దగ్గరికొచ్చి, ఈ అబ్బాయి మీకేమవుతాడమ్మా అని అడిగారు.

"ఇంకా అడగలేదు మాస్టారూ. అడిగితే చెప్తాను," అంది ఆమె.

మాస్టారు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. రాళ్ళవైపు చూశాడు, టైర్లవైపు చూశాడు, చూడటానికి ఇంకేమీ మిగలక ఆమెవైపు చూశాడు.

"అడగమంటారా?"

"వారం నుంచి నేను అట్టముక్క చూడటానికే వస్తున్నాననుకుంటున్నారా?"

అడిగాడు. ఎక్కువ మాటలు లేవు, నన్ను చేసుకుంటారా అన్నాడంతే. ఆమె ఊఁ అంది.

రెండు గంటల తర్వాత హెడ్మిస్ట్రెస్ మెళ్ళో దండతో బయటికి వచ్చింది. వెంట పెద్దమనుషులు. ఆవిడ కారు తలుపు పట్టుకుని మెల్లగా వంగి, కిందికి తేరిపార చూసింది. రాళ్ళు ఎలా పరిచారో అలాగే ఉన్నాయి. లేచి నిలబడి, అందరికీ వినపడేలా అంది:

"నాకంటే ఎక్కువ పొగరున్న కారిది. దీన్ని దారికి తెచ్చింది ఇదిగో ఈ అబ్బాయి. మా ఇంటి మనిషి."

మనవరాలు ఉలిక్కిపడింది. నీకెవరు చెప్పారు అమ్మమ్మా అంది.

"నలభైమంది ఉన్న క్లాసులో వెనక బెంచీలో ఏం జరుగుతోందో కనిపెట్టినదాన్ని. మీరిద్దరూ నాకో లెక్కా? ఎక్కండి. ఇద్దరూ వెనకే కూర్చోండి."

కారు కదిలింది. జనం రెండు పక్కలా తప్పుకుని దారిచ్చారు. అద్దంలోంచి చూస్తున్న ఆవిడకి తెలిసేలాగే, మెకానిక్ తన పక్కనున్నామె చెయ్యి పట్టుకుని, తల ఎత్తి కూర్చున్నాడు.