నంబరు రేకు పోయిన విమానం

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి, నా నెమ్మదిని ఓర్చుకోండి.

శుక్రవారం పొద్దున్నే వెర్నా, కెనడాలోని మూస్‌జా పట్నంలో ఉన్న డిటెక్టివ్ మార్గిట్ ఆఫీసుకు వచ్చింది.

"రేపే మా విమానం ఎగరాలమ్మా. దాని నంబరు రేకు ఎవరో ఎత్తుకుపోయారు."

అది రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధవిమానం. యుద్ధం ముగిశాక అలాంటివాటిని చక్రాల కోసం, బోల్టుల కోసం రైతులు కొనుక్కున్నారు. వాసిల్ అనే రైతు తన పొలంలో పడివున్నదాన్ని వెర్నా భర్త గోర్డన్‌కు ఊరికే ఇచ్చేశాడు. గోర్డన్, మెకానిక్ ఎర్విన్ కలిసి పదకొండేళ్లు దాన్ని బాగుచేశారు. అది ఎగరడం చూడకుండానే గోర్డన్ పోయాడు. ఇప్పుడు ప్రోక్టర్ అనే ఆయన వచ్చి, అది తన తండ్రి విమానమేనంటున్నాడు. రైతయిన ఆ తండ్రి కొన్నప్పటి రసీదులో ఉన్న నంబరు 5391. రేకు చూడటానికి ఇవాళ మధ్యాహ్నం వస్తాడు.

"ప్రోక్టరే దొంగ మేడం!" అన్నాడు సహాయకుడు డెల్బర్ట్.

"తనకు పనికొచ్చే సాక్ష్యాన్ని తనే ఎత్తుకుపోతాడా? పద."

వెర్నా షెడ్డులో విమానం కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. పైలట్ సీటు దగ్గర నాలుగు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. నాలుగు మరలూ పక్కనే ఒక మూతలో వరసగా, చీటీలతో సహా ఉన్నాయి.

"పైన కప్పిన గుడ్డ కొత్తదే గానీ లోపలి చెక్కలు పాతవే," అన్నాడు ఎర్విన్, మార్గిట్ చూపు తప్పించుకుంటూ. "ఒకదానిమీద కాలిన మచ్చుంది. గట్టిగానే ఉందని ఉంచేశాం."

వాసిల్ రాయించిన దానపత్రం చూపించమని మార్గిట్ వెర్నాను అడిగింది. వాసిల్‌కు రాయడం రాదు. సంతకం చోట ఒక కొడవలి, దాని కింద రెండు చుక్కలు గీశాడు. మార్గిట్ చిన్నగా నవ్వి, డెల్బర్ట్‌కు టార్చి ఇచ్చి విమానం లోపలికి పంపింది.

ప్రోక్టర్ రాగానే అందర్నీ రెక్క కింద నిలబెట్టింది.

"దొంగయితే మరలు విసిరిపారేస్తాడు. చీటీలు కట్టి దాచేది మెకానిక్కే. రేకు ఇవ్వండి ఎర్విన్ గారూ."

ఎర్విన్ జేబులోంచి తీశాడు. 5391. వెర్నా ముఖం పాలిపోయింది.

"దీనికి అసలు రేకే లేదు వెర్నా. ఆ చోటు బోడిగా ఉందని పాత సామాన్ల సంతలో దొరికింది బిగించాను. ఈయన నంబరు చెప్పగానే నా గుండె జారిపోయింది. నిజం చెబితే నమ్మేదెవరు?"

"కథలు బాగా అల్లుతున్నావయ్యా!" అన్నాడు ప్రోక్టర్.

"డెల్బర్ట్, ఏం చూశావు?"

"అది కాలిన మచ్చ కాదు మేడం. కొడవలి, రెండు చుక్కలు!"

"వాసిల్ తన పశువులకు వేసే ముద్ర," అంది మార్గిట్. "ఇక్కడి రైతు గేటుకీ పారకీ కూడా అదే వేసుకుంటాడు. ఎర్విన్ గారు పట్నం మనిషి, పోల్చుకోలేదు. మీ నాన్నగారి ముద్ర ఏమిటి ప్రోక్టర్ గారూ?"

ఆయన స్వయంగా లోపలికి వెళ్లి చూసి వచ్చాడు. టోపీ తీశాడు.

"మాది తాళంచెవి. ఇది మాది కాదు."

వెర్నా రేకు ఆయన చేతిలో పెట్టింది. "ఇది మాత్రం మీదే. ఉంచుకోండి."

ప్రోక్టర్ దాన్ని చొక్కా చేతితో తుడిచాడు. "ఈ రేకున్న విమానం వెనక చక్రం మా నాన్న తోపుడుబండికి బిగించాడమ్మా. నన్ను దాంట్లోనే తిప్పేవాడు. మిగతాదంతా తుక్కయిపోయిందనుకున్నాను." "మీ మేలు మరిచిపోను."

మర్నాడు ఎర్విన్ లోపలికి రాలేక షెడ్డు తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు.

"ఏమయ్యా, ఇంజిన్ నేను చూడాలా?" అని కసిరింది వెర్నా. "రా. ప్రోక్టర్ గారూ, ఆ పక్క చక్రానికి అడ్డుపెట్టిన దిమ్మ మీరు లాగండి."

ఇద్దరూ చెరో దిమ్మా లాగారు. పైలట్ చెయ్యి ఊపాడు, విమానం గోధుమచేల మీదుగా లేచింది. వెర్నా దానపత్రాన్ని రెండు చేతులా తలపైకెత్తి, వాసిల్ గీసిన గుర్తును ఆకాశానికి చూపించింది.

— వెంపటి రత్తమ్మ, 73 ఏళ్లు. ఇప్పుడు ఉండేది రెజైనా, సస్కాచవాన్.