చిన్నమేస్త్రీ, అయిపోయిందా?

"చిన్నమేస్త్రీ, అయిపోయిందా?"

కారుకి ఆ పక్క నుంచి తాతయ్య గొంతు. ఈ పక్క, షెడ్డు నేల మీద పరిచిన పాత చాప మీద, వెల్లకిలా పడుకుని ఉంది చిన్నమేస్త్రీ. బళ్లో ఈ పేరు ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏడిపించి చంపుతారు. ఐదో తరగతి ఆడపిల్లకి మేస్త్రీ ఏమిటని! కానీ తాతయ్య అలా పిలిస్తే మాత్రం ఆమెకి కాస్త పొడుగైనట్టు ఉంటుంది.

"ఇంకా కాలేదు తాతయ్యా!"

ఆ కారు అమ్మమ్మది. కార్లకి రంగులు వేయడం తాతయ్య పని. నడపడం మాత్రం అమ్మమ్మ పని. తాతయ్య పక్క సీట్లో బిగుసుకుని కూర్చుని "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఉండేవాడు. "రంగులు వేసే మనిషికి బ్రేకుల సంగతి ఎందుకండీ?" అని అమ్మమ్మ నవ్వేది.

ఆమె మంచం పట్టాక కారు వైపు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇంటికీ ఆసుపత్రికీ తిరగడంతోనే సరిపోయింది. కారు షెడ్డు బయటే వానకి తడిసింది, ఎండకి ఎండింది. అమ్మమ్మ పోయాక తాతయ్య దాని మీది చిరిగిన పట్టా లాగి చూస్తే ఒళ్లంతా తుప్పు. ఆయన కారు పక్కనే కూలబడి ఏడ్చాడు. తాతయ్య ఏడవడం చిన్నమేస్త్రీ అంతకు ముందు చూడలేదు.

మర్నాడే పని మొదలుపెట్టాడు. అయితే ఆయన మోకాళ్లు మొండికేశాయి. కిందికి వంగనివ్వవు. అందుకని తలుపుల అడుగు అంచులు మనవరాలి వంతుకి వచ్చాయి.

"ఈ వైరు బ్రష్‌తో గీకు. తరవాత ఎమిరీ పేపర్‌తో రుద్దు. ఇనుము తెల్లగా మెరవాలి. ఎర్రటి చుక్క ఒక్కటి మిగిలినా పని అయిపోనట్టే. అంతా పోయాకే గుంటలు పూడేలా పుట్టీ పెట్టు" అని చెప్పాడు తాతయ్య.

కుడి తలుపు బాగానే గీకింది. దాని అడుగు అద్దంలా మెరిసింది. ఇప్పుడు ఎడమ తలుపు. దీని తుప్పు మహా మొండిది. చెయ్యి లాగుతోంది, కళ్లలో పొడి పడుతోంది. పైగా బయట సైకిల్ బెల్లులు.

"ఏయ్, వస్తున్నావా లేదా? పందెం మొదలుపెట్టేస్తున్నాం!" అని పక్కింటి పిల్ల కేకేసింది.

పుట్టీ డబ్బా మూత తీసే ఉంది. చిన్నమేస్త్రీ తుప్పు వైపు చూసింది, డబ్బా వైపు చూసింది. బ్లేడుతో ఇంత పుట్టీ తీసి తుప్పు మీదే పూసేసింది. ఎరుపంతా మాయమైంది. కనబడకపోతే లేనట్టేగా!

"అయిపోయిందా?" అని మళ్లీ అడిగాడు తాతయ్య.

"అయిపోయింది!"

ఆయన ఇటు వచ్చి, కష్టపడి కాస్త వంగి, అంచు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "భేష్. నున్నగా ఉంది" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా చేతులు తుడుచుకుని బయటికి పరిగెత్తింది. సైకిల్ ఎక్కాక తుప్పు సంగతే మర్చిపోయింది.

తరవాత రంగు. అటక మీద మైనం పెట్టి మూసిన డబ్బా ఒకటి ఉంది. ఎప్పుడో అమ్మమ్మ పక్కన నిలబడి "ఇంకాస్త తెలుపు... ఊహూఁ, కాస్త పసుపు" అని ప్రాణం తీస్తుంటే తాతయ్య స్వయంగా కలిపిన లేత ఆకుపచ్చ రంగు అది. ఏ దుకాణంలోనూ దొరకదు, పాళ్లు చెప్పే అమ్మమ్మ లేకుండా మళ్లీ కలపడమూ కుదరదు. కారు మొత్తానికి అది బొటాబొటిగా సరిపోయింది. ఆఖరి చుక్కలు ఎడమ తలుపుకి వేసి, తాతయ్య ఖాళీ డబ్బా తిరగేసి చూపించాడు.

"అయిపోయిందే" అన్నాడు. ఆ డబ్బాని మాత్రం పారెయ్యలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి తాతయ్య ఎడమ తలుపు ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు అడుగున రంగు బుడగలు బుడగలుగా పొంగింది. ఆయన గోటితో ఒకదాన్ని నొక్కాడు. పెచ్చు ఊడి పడింది. దాని వెనక గోధుమరంగు పొడి జలజలా రాలింది.

పైన పటారం, లోన లొటారం. ఆ లొటారం ఎవరిదో చిన్నమేస్త్రీకి తెలుసు. తాతయ్యకి తెలియదు. ఆయన తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"నా పని అయిపోయిందమ్మా" అన్నాడు అప్పుడే లోపలి నుంచి వచ్చిన అమ్మతో. "కింద తుప్పు ఉంటే నా చేతికి తెలియాలి. తెలియలేదు."

"అదేం మాట నాన్నా! మళ్లీ చేద్దువుగాని."

"రంగేదీ? వద్దు. ఆవిడ కారు నా చేతుల్లోనే రెండుసార్లు పాడైంది. ఇంక చాలు. పాత ఇనుము కొట్టు అతనికి ఫోన్ చేశాను. రేపు పొద్దున లారీ తెస్తానన్నాడు."

చిన్నమేస్త్రీ నిజం ఇప్పుడే చెప్పాలి. కానీ దొంగకు తేలు కుట్టినట్టు, పుస్తకాల సంచీ దింపకుండా అలాగే నిలబడింది. "ముఖం అలా ఉందేమిటే? జ్వరమా?" అని అమ్మ నుదురు ముట్టుకుంది. జ్వరమైతే ఎంత బాగుండేది!

పొద్దుగూకే వేళకి తాతయ్య ఇంట్లో కనబడలేదు. ఆమె షెడ్డులోకి వెళ్లి చూసింది. ఆయన కారులో కూర్చుని ఉన్నాడు, ఎప్పటిలాగే పక్క సీట్లో. స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు.

ఆ ఖాళీ సీటు చూడగానే ఆమెకి ఏడుపు ఆగలేదు.

"తాతయ్యా, తప్పు నీ చేతులది కాదు. నేను గీకలేదు. తుప్పు మీదే పుట్టీ పూసేశాను."

తాతయ్య తల తిప్పి చూశాడు. "నేను అడిగాను కదే."

"అడిగావు. అయిపోయిందన్నాను."

ఆయన తిడితే బాగుండేది. తిట్టలేదు. "ఆ రంగు మీ అమ్మమ్మది" అన్నాడు, అంతే. మెల్లిగా దిగి, గోడ పట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. లారీ సంగతి ఏమీ చెప్పలేదు.

తెల్లవారగానే చిన్నమేస్త్రీ చాప పరిచి ఎడమ తలుపు కింద దూరింది. పెచ్చులు ఊడగొట్టింది. వైరు బ్రష్‌తో గీకింది. అమ్మమ్మ ఆకుపచ్చ రంగు పొడిగా రాలి ఆమె ముఖం మీదే పడింది. ఏడుస్తూనే గీకింది. లారీ వచ్చి తీసుకుపోయినా సరే, తుప్పుతో మాత్రం పంపదు.

గేటు దగ్గర హారన్ మోగింది. ఆమె చెయ్యి ఆగలేదు. బయట ఏవో మాటలు వినిపించాయి. ఇనుము కొట్టు అతను గట్టిగానే విసుక్కున్నాడు. "ఇవాళ కాదు బాబూ. నీకు శ్రమ ఇచ్చాను, ఏమీ అనుకోకు" అన్నాడు తాతయ్య. కాసేపటికి లారీ చప్పుడు దూరమైంది.

పీట జరిగిన చప్పుడు. చాప పక్కన తాతయ్య పాదాలు.

"ఆ రంగు మళ్లీ రాదు" అన్నాడు ఆయన. "ఈ తలుపు ఒక్కటీ వేరేగా కనబడుతుంది. ఎప్పటికీ."

"తెలుసు తాతయ్యా."

ఆమె బ్రష్‌తో గీకింది, ఎమిరీ పేపర్‌తో రుద్దింది. అంచంతా తెల్లగా తేలింది. ఇక బడికి తయారవ్వాలి. లోపలి నుంచి అమ్మ పిలుస్తోంది.

"చిన్నమేస్త్రీ, అయిపోయిందా?"

ఆమె వేలితో అంచంతా తడుముతూ వెళ్లింది. రేకు లోపలికి మడిచిన చోట, ఎవరూ ఎప్పటికీ చూడని చోట, ఎర్రటి చుక్క ఒకటి ఉంది.

"అయిపోలేదు తాతయ్యా. మడతలో ఇంకొంచెం ఉంది. టార్చి పట్టుకుంటావా?"

తాతయ్య మూలుగుతూ పీట మీంచి దిగి, ఆమె పక్కనే నేల మీద కూర్చుని, టార్చి వెలిగించాడు.