ఇంకొక్కసారి నీళ్ళు మార్చు

"ఒసేయ్ రుయిలాన్! నాలుగో రోజుకే ఎండబెట్టేశావా? నాలుక మీద పెట్టి చూశావా అసలు?" అని అరుస్తూనే అత్తగారు షుఝెన్ పెరట్లో కుప్పకూలిపోయింది! ఆమె చేతుల్లోని సిరాచేప ఎముకలు తెల్లటి బొమ్మ పడవల్లా రాళ్ళమీద చెల్లాచెదురయ్యాయి. నోటివెంట కాటుకలాంటి నల్లటి వాంతి...

"అత్తయ్యా!" అని రుయిలాన్ పెట్టిన కేకకి రేవులో వలలు బాగుచేసుకుంటున్న భర్త హైగెన్ పరుగెత్తుకొచ్చాడు.

ఆ ఎముకలు అతని కోసమే. ఏళ్ళ తరబడి వేళకి తిండి లేక, పడవ మీద చన్నీళ్ళ అన్నం తిని హైగెన్ కడుపులో పుండు పడింది. ఎముకల్ని ఏడు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, పూటపూటకీ నీళ్ళు మార్చి, ఎండబెట్టి పొడిచేయాలి. నాలుక మీద పెడితే ఉప్పదనం ఉండకూడదు, చటుక్కున అంటుకోవాలి. అందులో జిగురుదుంప పొడి కలుపుతారు. ఎముక కడుపులోని పులుపుని విరుస్తుంది, దుంప పుండు మీద పొరలా పడుతుంది. ఈ ఏడాది సిరాచేపలు ద్వీపం దరికి సరిగా రాలేదు. ఉన్న ఎముకలు ఒక్క మనిషికే చాలీచాలనట్టు ఉన్నాయి.

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకటే అడిగింది. "ఈవిడ లోపల ఎన్నాళ్ళనుంచో రక్తం కారుతోంది. విరేచనం నల్లగా అవుతుంటే ఎవరూ చూడలేదా?"

రుయిలాన్ చూసింది! రోజూ పొద్దున్నే అత్తగారి మలం కుండ కడిగేది తనే కదా! కానీ సిరాతో సహా చేపని వండుకు తినే ద్వీపంలో నలుపు చూసి బెదిరేదెవరు? ఒకసారి అడిగింది కూడా. "ఏంటత్తయ్యా, చేపల కాలం పోయి నెలైంది, ఇంకా ఆ నలుపేంటి?"

"ఎండుచేపలు దాచుకుని తింటున్నానే! నీకూ పెట్టాలా, తిండిపోతుదానా?"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు...

ఆపరేషన్ కత్తికి ఆమె ఒళ్ళు తట్టుకోదన్నారు డాక్టర్లు. ఇంటికి తెచ్చేశారు. మందులిచ్చే లూ తాతయ్య నాడి చూసి తల పట్టుకున్నాడు. "పొడి వేసుకోలేదా ఈవిడ? తల్లీకొడుకులిద్దరికీ చెరో పొట్లం కట్టి ఇస్తూనే ఉన్నానే! కోడలికి చెప్పొద్దు, బెంగపడుతుందంది. సరేనన్నాను... నాదీ పాపమే!"

రుయిలాన్ వంటింట్లోకి పరుగెత్తింది. భర్త మందుజాడీ! అత్తగారి పొట్లాలన్నీ ఇందులోకే పోయాయా? ఎంత తీసినా తరగని ఆ జాడీని చూసి, కరుణతల్లి గ్వాన్‌యిన్ మహిమే అనుకుని, ఆ తల్లి కొలువున్న ఫూతో కొండ వైపు తిరిగి నెలంతా అగరొత్తులు వెలిగించింది. అత్తగారు వెనక నిలబడి చూస్తూ కూడా ఒక్కమాట అనలేదే!

"తల్లీ... నేను మొక్కిన దిక్కు తప్పా? లేక నువ్వే అత్తయ్య రూపంలో నా ఇంట్లో చీపురు పట్టుకుని తిరుగుతూ నన్ను తిట్టావా?"

హైగెన్ మంచం పక్కన కూలబడ్డాడు. "నా నోట్లో నీ ప్రాణం పోశావా అమ్మా? నాకొద్దా పొడి! పారేస్తాను!"

"పారెయ్... పారేసి చూడు, లేచొచ్చి చెవి మెలేస్తాను," అంది ముసలమ్మ గాలిలాంటి గొంతుతో. తర్వాత కోడలి కోసం కళ్ళు తిప్పింది. "ఆ ఎముకలు... మళ్ళీ నానేశావా?"

"వేశానత్తయ్యా."

"చూడు మరి."

రుయిలాన్ పరీక్షకని విడిగా ఎండబెట్టిన ముక్క తెచ్చి నాలుక మీద పెట్టుకుంది. బుగ్గల మీంచి జారిన నీళ్ళు అప్పటికే దాన్ని తడిపేశాయి. అది అంటుకోలేదు.

"ఉప్పగా ఉందత్తయ్యా..."

"ఉండదూ మరి, అంతలా ఏడిస్తే!" వాడిన పెదవులు కాస్త నవ్వాయి. "మొద్దుపిల్లా... ఇంకొక్కసారి నీళ్ళు మార్చు."

రుయిలాన్ పెరట్లో తొట్టి వంపి, మంచినీళ్ళు నింపి వచ్చేసరికి షుఝెన్ వెళ్ళిపోయింది.

హైగెన్ కడుపు నయమైంది. పొడి వేసుకున్న ప్రతిసారీ అమ్మా అని, ఆ తర్వాతే మింగేవాడు. రుయిలాన్ ఇప్పటికీ అగరొత్తులు వెలిగిస్తుంది, ముందు అత్తగారి పటానికి, ఆ తర్వాత కొండకి. ఏడు రోజుల్లో పోవలసిన ఉప్పు మాత్రం, ఆ ఏడాదంతా ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా ఆమె నాలుక మీంచి పోలేదు.