బాబు గడియారం

"నేను తొయ్యలేదు సార్! కన్నతల్లిలా చూసుకున్నా" అంటూ ఆయా డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలోనే కూలబడింది.

ఆమె కనిపెట్టుకుని ఉండే ముసలావిడ నిన్న మధ్యాహ్నం హాల్లో పడి, తలకి దెబ్బ తగిలి పోయింది. ఆ వేళకి ఆయా ఇంట్లో లేదు. 'బాబు విమానం దిగాడట, ఇంక నువ్వెళ్లు' అని అమ్మగారే పంపేశారంటుంది. కూతురు నమ్మలేదు. ఆ బాబు, అంటే తన తమ్ముడు, అప్పటికింకా గాల్లోనే ఉన్నాడట. సాయంత్రానికి పోలీసులొస్తారు.

"అబద్ధమైనా అతికినట్టుండాలి కదా సార్" అంది అసిస్టెంటు కారు తీస్తూ.

డిటెక్టివ్ పలకలేదు. ఆయన నోరు మూసుకుంటే కేసు సగం తేలినట్టేనని ఆమె నమ్మకం.

హాల్లో వస్తువులేవీ ఇంకా కదపలేదు. గోడమీద రెండు గడియారాలు ఒకే టైము చూపిస్తున్నాయి. కింద స్టూలు పక్కకి ఒరిగి ఉంది.

"ఒకే గోడకి రెండెందుకమ్మా?" అని ఆయాని అడిగాడు డిటెక్టివ్.

"ఒకటి బాబు గడియారం సార్. అందులో బాబుండే ఊరి టైము. మనకంటే రెండున్నర గంటలు ముందు. బాబు తినే వేళ చూసుకునే అమ్మగారూ తినేవారు."

అసిస్టెంటు మళ్లీ గోడకేసి చూసింది. డిటెక్టివ్ అక్కాతమ్ముళ్లను పిలిపించాడు.

"ఇందులో తేల్చేదేముందండీ?" అంది అక్క. "మూడున్నర వేల కిలోమీటర్లు, ఐదు గంటల ప్రయాణం. తొమ్మిదికి ఎక్కాడు, రెండింటికి దిగాడు. డాక్టరేమో అమ్మ ఒంటిగంటకే పోయిందన్నారు."

"దిగి తిన్నగా ఇక్కడికే వచ్చా" అన్నాడు తమ్ముడు.

"తొమ్మిది అక్కడి తొమ్మిది. మీరు లెక్కేసిన రెండు కూడా అక్కడి రెండే" అన్నాడు డిటెక్టివ్ మెల్లగా. "ఇక్కడ అప్పటికి పదకొండున్నర. కంగారులో మీరు పొరబడ్డారమ్మా. మీ అమ్మగారు పొరబడలేదు. కొడుకు దిగాడని తెలిసి, ఇంక వేరే టైముతో పనిలేదని స్టూలెక్కి ఆ గడియారం తిప్పారు. దిగేటప్పుడు కాలు జారింది. ఎవరూ తొయ్యలేదు. కానీ ఆవిడకి ఫోన్ చేసిందెవరు? ఆ తర్వాత మూడు గంటలు ఎక్కడున్నారు?"

తమ్ముడు అక్కవైపు తిరిగాడు.

"ఫ్రెండ్స్ ఎయిర్‌పోర్టుకే వచ్చారు. ఒక్క అరగంట కూర్చుందామన్నారు. మధ్యలో, ఒంటిగంట కాబోతుండగా, అమ్మ ఫోన్ చేసింది. ఇంకా రాలేదేమని తిడుతుందని... కట్ చేశా, అక్కా."

పడ్డాక తల్లి ఎంతసేపు ఆ ఫోను పట్టుకుని ఉందో ఎవరూ అడగలేదు. కేసు తేలినప్పుడల్లా చప్పట్లు కొట్టే అసిస్టెంటు చేతులు కట్టుకుని నిలబడింది.

"నన్ను క్షమించు" అంది అక్క ఆయాతో.

తమ్ముడు స్టూలు నిలబెట్టి ఎక్కాడు, తన గడియారం దించేయడానికి. స్టూలు ఊగింది. ఆయా గబగబా వచ్చి రెండు చేతులా పట్టుకుంది.

"దీని కాలు సరిగ్గా ఆనదు బాబూ" అంది. "ఎప్పుడూ నేనే పట్టుకునేదాన్ని."